పేడపురుగు ధరించిన టోపీ

ఉదయమున వార్తాపత్రిక వాకిట పడినంతనే మొదటి పుట నుండి క్రమముగా చదువువారు కొందరు, క్రీడావార్తల పుట నుండి వెనుకకు వచ్చువారు కొందరు కలరు. నాకు చిన్ననాటి నుండి వేరొక అలవాటు. లోపలి పుటలను త్రిప్పి, మార్కెట్టు ధరలకును పెండ్లి ప్రకటనలకును నడుమ, మిగిలిన జాగాను నింపుటకై చేర్చినట్లు కనిపించు అయిదారు పంక్తుల వార్త ఏదైనా ఉన్నదా అని ముందుగా వెదకుదును. చీమలు అడుగులు కొలుచుకొనుననియో, ఎలుకలు చక్కిలిగింతలకు నవ్వుననియో, ఆవులు ఉత్తర దక్షిణములుగా నిలిచి మేయుననియో అందులో వ్రాసియుండును. అట్టి వార్త దొరకిన దినమున మిగిలిన పత్రికను, అనగా మంత్రివర్గముల పతనములను, ధరల పెరుగుదలను, సరిహద్దు తగవులను కొంత తేలిక మనస్సుతో చదువగలుగుదును. ఆ ముక్కను కత్తిరించి ఒక పాత లెక్కల పుస్తకములో అంటించి దాచుట నా వాడుక. ఆ పుస్తకము ఇప్పుడు ఎంతగా ఉబ్బినదనగా, దారముతో కట్టనిదే మూతపడదు.

ఇట్టి వార్తలు కాలక్షేపమునకే గాని విజ్ఞానమునకు పనికిరావని తలచు పెద్దలు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. అయితే ఆ వార్తలయందు ఒక లోపము నిజముగానే ఉన్నది. ఏమి కనుగొనిరో పత్రిక చెప్పును. ఎట్లు కనుగొనిరో చెప్పుటకు దానికి చోటు చాలదు. ఆనందములో ముప్పాతిక పాలు ఆ ‘ఎట్లు’ అనుదానియందే కలదని నా నమ్మకము. నోరులేని జీవిని ప్రశ్నించుట ఎంత కష్టమో ఆలోచింపుడు. మనుష్యుని అడిగినచో అబద్ధమైనను ఏదో యొక జవాబు చెప్పును. చీమను ఏ భాషలో అడుగవలెను? అది తన కాళ్ళతో, మీసములతో, పోయిన దారితో, ఆగిన చోటుతో జవాబు చెప్పగల రీతిగా ప్రశ్నను మలచవలెను. అట్లు మలచుటలో శాస్త్రజ్ఞుడు చూపు యుక్తి, నా మట్టుకు, మంచి పద్యములోని చమత్కారమునకు ఏ మాత్రమును తీసిపోదు. ఈ అధ్యాయమున ఆ ఉబ్బిన పుస్తకములోని కొన్ని ముక్కలను బయటికి తీసి, వాని వెనుకనున్న ప్రశ్నలను చెప్పదలచితిని.

అన్నిటికంటె నాకు ప్రియమైనది 2013వ సంవత్సరము జనవరిలో వెలువడిన వార్త. పేడపురుగులు ఆకాశగంగను చూచి దారి తెలిసికొనునని దాని సారము. పేడపురుగును ఎరుగని పల్లెవాడుండడు. పశువులు తిరిగిన బీడులో, తొలకరి పడిన పిమ్మట, తనకంటె పెద్దదైన పేడ ఉండను వెనుక కాళ్ళతో నెట్టుచు, తల నేలకు ఆనించి, వెనుకకు వెనుకకు నడచిపోవు ఆ నల్లని పురుగును చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఆ నడకను చూచినవారు లక్షలమంది. అది తిన్నగా సాగుచున్నదని గమనించినవారు కొలదిమంది. తిన్నగా ఎట్లు సాగగలుగుచున్నదని అడిగినవారు మిక్కిలి అరుదు.

తిన్నగా పోవుట దానికి ప్రాణావసరము. పేడ కుప్ప యొక్క చుట్టును సాటి పురుగుల సంత జరుగుచుండును. స్వయముగా ఉండ చేసికొనుటకంటె ఒకడు చేసిన దానిని లాగికొనుట సులభమని తెలిసినవి వానిలో కొల్లలు. కావున ఉండ సిద్ధమైన తోడనే దానితో సాధ్యమైనంత శీఘ్రముగా ఆ సంతకు దూరము కావలెను. దారి కొంచెము వంకర తిరిగెనా, చుట్టుతిరిగి మరల ఆ దొంగల నడుమనే వచ్చి పడును. పగటిపూట సంచరించు పేడపురుగులు సూర్యుని ఆధారముగా దిక్కు నిలుపుకొనును. రాత్రించరములైనవి వెన్నెల ఆకాశమున చెదరునప్పుడు దాని తరంగములయందు ఏర్పడు ఒక అమరికను, మన కన్నులకు అగపడని దానిని, చూచి దారి తప్పకుండ నడచునని స్వీడన్ దేశములోని లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ డాకెయును ఆమె సహచరులును 2003లో నిరూపించిరి. అయితే చంద్రుడు లేని రాత్రులయందు కూడ కొన్ని పురుగులు తిన్నగానే పోవుచుండెను. అప్పుడు వానికి దిక్కు చూపునది ఏది?

ఈ ప్రశ్నను దక్షిణాఫ్రికా దేశపు పురుగుల ముందుంచిన విధము వినదగినది. డాకె, ఎరిక్ వారంట్, విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్కస్ బర్న్ మొదలగువారు కలిసి పురుగు తలపై అట్టముక్కతో చిన్న టోపీ కట్టిరి. దాని అంచు ఆకాశమును కప్పివేయును. నేల మాత్రము కనబడును. టోపీ పెట్టిన పురుగు దిక్కు తెలియక మెలికలు తిరిగినది. ఇంతటితో ఆగియున్నచో అది సగము పరీక్షయే అయ్యెడిది. ఆకాశము కనబడకపోవుటచేతనే తడబడినదా, లేక తలపై బరువు పడుటచే చికాకు పడి తడబడినదా అని ఎవరైనను అడుగవచ్చును. కనుక వేరు పురుగులకు అదే ఆకారముగల, అయితే అద్దమువలె స్వచ్ఛమైన ప్లాస్టిక్ టోపీలు పెట్టిరి. అవి టోపీతో సహా తిన్నగా నడచిపోయినవి! నా సంతోషమంతయు ఈ రెండవ టోపీ మీదనే. మొదటి టోపీని ఎవరైనను ఊహింపగలరు. రెండవది ఊహించుటకు తన్ను తాను శంకించుకొను మనస్సు కావలెను.

అంతటితో వారు తృప్తి చెందలేదు. నక్షత్రములను చూచి పోవుచున్నవన్నమాట నిజమేగాని, పురుగు కన్నులు మిక్కిలి చిన్నవి; విడివిడి చుక్కలలో అత్యధిక భాగము వానికి కానరాదు. ఆకాశమును చేతులతో మార్చుట మానవునికి అసాధ్యము గనుక, పురుగులను జొహానెస్‌బర్గులోని నక్షత్రశాలకు కొనిపోయిరి. సినిమా హాలువంటి ఆ గుమ్మటము క్రింద పిల్లలు కూర్చుండి గ్రహములను చూచుట మనము ఎరుగుదుము. అక్కడ పేడ ఉండలతో పురుగులు ప్రేక్షకులైనవి. గుమ్మటముపై నక్షత్రములన్నింటిని వెలిగించినప్పుడు అవి తమ్ము వదలిన వలయపు అంచును శీఘ్రముగా చేరినవి. తక్కిన చుక్కలను ఆర్పి, ఆకాశగంగయను ఆ పాలపట్టీని మాత్రమే మిగిల్చినప్పుడును ఇంచుమించు అంతే శీఘ్రముగా చేరినవి. వేలకొలది సంవత్సరములుగా సముద్రయాన మొనర్చువారు, ఎడారి బిడారులవారు చుక్కలను చూచి దారి తెలిసికొనిరని మనము గర్వముగా చెప్పుకొందుము. పేడ ఉండపైకెక్కి, గుండ్రముగా ఒకసారి తిరిగి, పైకి చూచి, దిగి, ప్రయాణమునకు సిద్ధమగు ఆ కీటకమును తలచుకొన్నప్పుడు ఆ గర్వము తగ్గదు. దానికొక చుట్టరికము కలిసినట్లగును.

అంతకు ముందటి సంవత్సరమే ఆ బృందములోనివారు పేడపురుగు ముందరి కాళ్ళకు దంతవైద్యులు వాడు సిలికోనుతో బూట్లు తొడిగిరి. ఎండకు కాలిన ఇసుకపై అది మాటిమాటికి ఉండపైకి ఎక్కుట కాళ్ళు చల్లార్చుకొనుటకే కాబోలునని వారి సందేహము. బూట్లు తొడిగిన పిమ్మట అది ఎక్కుట తగ్గినది. ఈ సంగతి తెలిసిన నాటినుండి మిట్టమధ్యాహ్నమున చెప్పులు లేక వీధి దాటవలసివచ్చినప్పుడెల్ల నాకు ఆ పురుగు జ్ఞాపకము వచ్చును.

టోపీల తరువాత కొయ్యకాళ్ళు. ఉత్తరాఫ్రికాలోని ట్యునీషియా ఉప్పునేలలపై, తక్కిన ప్రాణులన్నియు నీడకు చేరు మిట్టమధ్యాహ్నమున, ఒక జాతి చీమ ఆహారమునకై బయలుదేరును. అది ఎండకు చచ్చిన పురుగును వెదకుచు ఇటునటు మెలికలు తిరుగుచు పోయి, ఆహారము దొరకిన క్షణమున పోయిన దారిని విడిచి, పుట్ట ఉన్న దిక్కునకు గురిపెట్టిన బాణమువలె తిరిగివచ్చును. దిక్కును ఆకాశపు వెలుగునుబట్టి గ్రహించునని రూడిగర్ వెహ్నర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు తన సుదీర్ఘ కృషిచే తెలిపియుండెను. కాని దిక్కు తెలిసిన చాలదు, దూరము కూడ తెలియవలెను. గుర్తులేమియు లేని ఆ బయలులో ఎంత దూరము నడచితినో చీమకెట్లు తెలియును? అడుగులనుబట్టి కొలుచుకొనునేమో అని ఒక ఊహ పాతకాలమునుండియే కలదు. దానిని పరీక్షించుటకు దారి దొరకక అది ఊహగనే మిగిలిపోయెను.

2006లో మథయాస్ విట్‌లింగర్, హరాల్డ్ వోల్ఫ్, వెహ్నర్ కలిసి ప్రకటించిన పరీక్ష ఇది. పుట్ట నుండి 10 మీటర్ల దూరమున మేత పెట్టి, తిన్నని కాలువవంటి మార్గమున చీమలు దానివద్దకు నడచునట్లు చేసిరి. మేతను చేరిన చీమలను పట్టి కొన్నిటి కాళ్ళకు పందివెంట్రుకల ముక్కలు అంటించి పొడుగుచేసిరి. మరికొన్నిటి కాళ్ళను కొంత కత్తిరించి పొట్టిచేసిరి. తరువాత వానిని తిరుగు ప్రయాణమునకు వదలిరి. పొడుగుకాళ్ళ చీమలు పుట్ట యుండవలసిన చోటును దాటిపోయి, 15 మీటర్లకు పైగా నడచి, అక్కడ నిలిచి ఇంటికై వెదకినవి. పొట్టికాళ్ళవి 6 మీటర్లైనను పోకముందే ఆగి వెదకనారంభించినవి. వెళ్ళునప్పుడు వేసిన అడుగులెన్నియో తిరుగునప్పుడును అన్నియే వేసినవి; అడుగు కొలత మారినదని పాపము వానికి తెలియదు. ఆ చీమలనే పుట్టలోనికి చేర్చి, క్రొత్త కాళ్ళతోనే ఇంటినుండి మేతవరకు పోయి రానిచ్చినప్పుడు దూరము తప్పలేదు. పోక, రాక రెండును ఒకే కాళ్ళతో జరిగినవి గదా! కాళ్ళు కత్తిరించిరనగానే నా మనస్సు కలుక్కుమన్నమాట వాస్తవము. కాని ఎడారి చీమల కాళ్ళు మామూలుగానే పలుమారు విరుగుచుండునని చదివి కొంత ఊరట చెందితిని.

జంతువునకు నొప్పి కలిగించి పొందిన జవాబును గురించి ఇంకొక మాట చెప్పవలెను. ఏలయనగా నా పుస్తకములోని ఒక ముక్క వెనుక అట్టి చరిత్రయే కలదు. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయమున లజారో స్పలాంజని అను మతాచార్యుడు ప్రకృతిశాస్త్రము బోధించుచుండెను. 1793లో ఆయన గదిలోని గుడ్లగూబ కొవ్వొత్తి ఆరిపోగానే గోడలకు కొట్టుకొనుటయు, గబ్బిలములు ఆ చీకటిలోనే దేనిని తాకక ఎగురుటయు గమనించెను. గబ్బిలములకు గుడ్డి చీకటిలో కూడ కన్నులు కనబడునేమో అని మొదట తోచి, వాని చూపును పోగొట్టి విడిచెను. అవియును దేనిని తాకక ఎగిరినవి. అట్టి గుడ్డి గబ్బిలములలో కొన్నిటిని కొన్ని దినముల తరువాత పావియా దేవాలయపు గంటల గోపురమున మరల పట్టి చూడగా, చూపుగల గబ్బిలముల కడుపులవలెనే వాని కడుపులును దోమలతో పురుగులతో నిండియుండెను. ఆ వార్త విని జెనీవాలోని లూయీ జురీన్ అను వైద్యుడు గబ్బిలముల చెవులను మూసి చూచెను. అప్పుడవి గోడలకు కొట్టుకొనెను. స్పలాంజని ఆ మాటను వెంటనే నమ్మక, మిక్కిలి సన్నని ఇత్తడి గొట్టములను చేయించి వాని చెవులయందమర్చెను. గొట్టములు తెరచియున్నంతసేపు అవి బాగుగా ఎగిరినవి; మూసినంతనే దారి తప్పినవి. మరల ఆ రెండవ టోపీయే! చెవిలో వస్తువున్న బాధచేత గాక, వినబడకపోవుటచేతనే తప్పినవని దానివలన తేలినది.

అయినను ఈ వార్తను ఆనాటి లోకము పరిహసించెను. గబ్బిలము ఎగురునప్పుడు మన చెవికి శబ్దమేమియు వినబడదు. వినబడని దానిని అది ఎట్లు వినును? జంతుశాస్త్రమున ఆనాడు మహామహుడైన కువియే, గబ్బిలము రెక్కల స్పర్శచేతనే దారి తెలిసికొనునని తీర్పు చెప్పెను. ఆయన మాటకున్న బరువుచేత స్పలాంజని పరిశోధన నూరేండ్లకు పైగా మరుగున పడిపోయెను. 1938లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డొనాల్డ్ గ్రిఫిన్ అను విద్యార్థి ఒక పంజరమునిండ గబ్బిలములను తీసికొని జి. డబ్ల్యు. పియర్స్ అను భౌతికశాస్త్రాచార్యుని కడకు పోయెను. మానవుని చెవికి అందని హెచ్చుస్థాయి ధ్వనులను వినగల యంత్రము ఆయన వద్ద నుండెను. నిశ్శబ్దముగా ఎగురునని తరతరములుగా అందరును తలచిన ఆ జీవులు నిజమునకు గొంతెత్తి అరచుచునే యున్నవని ఆ యంత్రము చాటెను. తరువాత గ్రిఫిన్, రాబర్ట్ గాలంబోస్ కలిసి, ఆ అరపుల ప్రతిధ్వనిని వినియే గబ్బిలము అడ్డంకులను తప్పించుకొనునని స్థాపించిరి. స్పలాంజని 1799లోనే గతించెను. తన మాట నిజమని ఆయన వినలేదు. ఆయన కన్నులు పొడిచిన ఆ గబ్బిలములకు మనము పడిన ఋణము కూడ తీరినది కాదు; గ్రిఫిన్ కాలము నాటికి అదే ప్రశ్నను జంతువును నొప్పింపని సాధనముతో అడుగుటకు వీలు కలిగెనన్నదే నాకు ఊరట.

ఆ యంత్రపు సంతతి మరియొక వినబడని శబ్దమును మనకు వినిపించినది. అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున యాక్ పాంక్‌సెప్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకపిల్లల ఆటలను పరిశీలించుచు, గబ్బిలముల అరపులను వినుటకు చేసిన పరికరమును వాని దగ్గర పెట్టి చూచెను. ఆడుకొనుచున్న ఎలుకలు సెకనుకు సుమారు 50,000 కంపనములు గల కిచకిచలు చేయుచుండెను. మన చెవి 20,000 దాటిన వినజాలదు. 1990ల చివరి సంవత్సరములలో ఆయనయు జెఫ్రీ బర్గ్‌డార్ఫును, చంటిబిడ్డను నవ్వించునట్లు, ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టి చూడగా ఆ కిచకిచలు ఇనుమడించెను; చేయి తీసివేసిన యెడల మరల కావలెనన్నట్లు ఎలుకలు ఆ చేతి వెంటబడెను. ఇది నవ్వేనా అని శాస్త్రజ్ఞులు ఈనాటికిని జాగ్రత్తగా మాటాడుదురు. ఆ జాగ్రత్త ఉండవలసినదే. కాని మన వంటింట, బియ్యపు బస్తాల చాటున, మనకు వినబడని ఆనందమొకటి తరతరములుగా జరుగుచున్నదను ఊహ ఒక్కసారి మనస్సున పడిన తరువాత ఎలుకను పూర్వమువలె చూచుట కష్టము.

2019లో బెర్లినులోని హంబోల్ట్ విశ్వవిద్యాలయమువారు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పిరి. 30 చదరపు మీటర్ల గదిలో అట్టపెట్టెలు, అడ్డులు పెట్టి ఎలుకను మూతగల పెట్టెలో ఉంచుదురు. మూత మూసి, పిమ్మట దూరమునుండి తెరచిన యెడల అది వెదకవలెను. మూత తెరచియేయుండి మనిషి కదలక ప్రక్కనే కూర్చున్న యెడల అది పోయి దాగవలెను. ఇదియే ఆ ఎలుకకును మనిషికిని నడుమ ఏర్పడిన భాష. గెలిచినందులకు తిండి పెట్టలేదు. చక్కిలిగింత, కొంత ఆట మాత్రమే బహుమానము. ఒకటి రెండు వారములలో అవి నేర్చినవి. దాగునప్పుడు పారదర్శకమైన పెట్టెలను విడిచి లోపల కనబడని పెట్టెలను ఎన్నుకొన్నవి. వెదకునప్పుడు కిచకిచలాడిన ఎలుకలే దాగియున్నప్పుడు నోరు మూసికొన్నవి. కనుగొనబడిన తరువాత కూడ కొన్ని పారిపోయి మరియొక చోట దాగినవి. ఇంటిలో చిన్నపిల్లలున్నవారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

ఇట్టి ప్రశ్నలు అడుగుట క్రొత్తగా వచ్చిన వేడుక కాదు. ఛార్లెస్ డార్విన్ తన జీవితపు చివరి గ్రంథమును వానపాములపై వ్రాసి 1881లో ప్రకటించెను. అవి వినునో వినవో తెలిసికొనుటకై ఆయన కుమారుడు బసూన్ అను పెద్ద మురళి వాయించెను. ఇంటివారు పియానో మ్రోగించిరి. వానపాములు కదలలేదు. వానిని మట్టికుండలతో సహా పియానోపైననే ఉంచి ఒక మెట్టు నొక్కగా చటుక్కున బొరియలలోనికి దూరినవి. గాలిలోని శబ్దము వానికి పట్టదు, చెక్కలోని అదురు పట్టును. ప్రపంచపు జీవశాస్త్రమును తలక్రిందులు చేసిన మనిషి, డెబ్బది దాటిన వయస్సున, కుటుంబమునంతయు కూర్చుకొని వానపాములకు కచేరీ చేయించిన ఆ దృశ్యమును తలచిన కొలదిని ఆయనయందు నాకు గౌరవము పెరుగును.

కాకి గులకరాళ్ళు వేసి కుండలోని నీళ్ళు పైకి తెచ్చిన కథ మన వాచకములలో చదువని వారుండరు. 2009లో కేంబ్రిడ్జిలో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనువారు కాకుల దాయాదులైన రూక్ పక్షుల ముందు సగము నీరున్న గొట్టమును, అందు తేలుచున్న ఒక పురుగును, ప్రక్కన రాళ్ళను ఉంచిరి. అవి రాళ్ళు వేసి పురుగును అందుకొన్నవి. పెద్ద రాళ్ళను ముందుగా ఎన్నుకొనుట కూడ నేర్చినవి. ఈ వార్తలో క్రొత్తగా వివరింపవలసినది పెద్దగా లేదు. మన అవ్వలు చెప్పినదే.

అయితే పత్రికలో పడిన ప్రతి వింతయు నిలువదు. 2008లో జర్మనీ, చెక్ శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రములలో 308 పచ్చికబయళ్ళలోని 8,510 పశువులను పరిశీలించి, అవి ఎక్కువగా ఉత్తర దక్షిణములకు ఒరిగి నిలుచుననియు, భూమి యొక్క అయస్కాంతశక్తి వానికి తెలియుననియు ప్రకటించిరి. లోకమంతట పత్రికలు దానిని అచ్చువేసినవి, నేనును అంటించుకొంటిని. మూడేండ్ల తరువాత వేరొక బృందమువారు అట్టి చిత్రములనే చూచి, తమకు ఆ క్రమము కనబడలేదని వ్రాసిరి. మొదటివారు ఒప్పుకొనలేదు, వాదము సాగినది. ఈ రెండవ వార్తను నేను ఏ దినపత్రికలోను చూడలేదు. వింత అచ్చగును, దాని మీది సందేహము అచ్చు కాదు. పత్రికలపై నాకున్న నిజమైన ఫిర్యాదు ఇది ఒక్కటే. నా పుస్తకమున ఆ ముక్క ప్రక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకము వేసి ఉంచితిని. దానిని చింపివేయుటకు మనస్సు రాలేదు; తేలని ప్రశ్న కూడ దాచుకొనదగినదే.

పేడపురుగులకు టోపీలు పెట్టినవారికి 2013లోనే ఇగ్ నోబెల్ బహుమానము లభించెను. 1991లో అమెరికాలో ఆరంభమైన ఈ బహుమానము, విన్నవారిని మొదట నవ్వించి పిదప ఆలోచింపజేయు పరిశోధనలకు ఉద్దేశింపబడినది. బలమైన అయస్కాంతముపై బ్రతికియున్న కప్పను గాలిలో తేల్చినందులకు ఆంద్రే గైమ్ అనునాయన 2000లో దీనిని మైకేల్ బెరీతో కలిసి అందుకొని, పది సంవత్సరములకు వేరొక పరిశోధనకై అసలు నోబెల్ బహుమానమునే పొందెను. ఆ మనస్సునకు రెండును వేరు పనులుగా తోచియుండవు.

పరికరములు లేవు, ధనము లేదు, మన దేశమున ఇట్టి పనులు సాగవని నిట్టూర్చువారు నాకు తారసపడుచుందురు. 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాకు వచ్చిన జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ దానికి ఒప్పుకొనువాడు కాడు. భారతదేశమున జీవరాశులు వాకిటనే ఉన్నవి, చూచుటకు కన్నులును లెక్కించుటకు ఓపికయు చాలునని ఆయన భావము. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు యువకుడుగా ఆయనవద్ద శిష్యుడై చేరి, లాంటానా పొదలపై వ్రాలు సీతాకోకచిలుకలను పరిశీలించెను. కంచెల వెంట పిచ్చిగా పెరుగు ఆ పొదలలో కొన్నింటి పూలు ఒక రంగు, కొన్నింటివి వేరొక రంగు. ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పూవును ఎన్నుకొనునో ఆయన కూర్చుండి లెక్కవేసి, వాని అభిరుచులు వేరువేరని కనుగొనెను. ఒకే మొక్కలోని రెండు రంగులకు వేరువేరు అతిథులు వచ్చుచున్నచో, వాని పుప్పొడి కలియుట తగ్గి, కాలక్రమమున అవి రెండు జాతులుగా చీలుటకు దారి ఏర్పడవచ్చునుగదా! 1960లో ఆ చిన్న వ్యాసము ‘నేచర్’ పత్రికలో వెలువడెను. దానికి కావలసిన పరికరములు ఒక పొద, ఒక కాగితము, ఎండకు ఓర్చుకొను శరీరము.

పుస్తకపు చివరి అట్టకు దగ్గరగా కడపజిల్లా వార్త యొకటి ఉన్నది. 1848లో జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ ప్రాంతపు పొదలలో ఒక పక్షిని గుర్తించెను. కాళ్ళు పొడుగు, ఎదపై రెండు పట్టీలు, నడకయే గాని ఎగురుట తక్కువ, సంచారము రాత్రులయందు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞులలో ఎవరికిని కనబడలేదు. అంతరించినదని వారు నిశ్చయించుకొనిరి. లంకమల కొండల చెంతనున్న పల్లెలవారు మాత్రము దానిని కలివి పొదలలో తిరుగు పక్షి గనుక కలివికోడి అని పిలుచుచునే ఉండిరి. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ వెదకుచున్న కాలమున, రెడ్డిపల్లె వద్ద ఐతన్న అను స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియారు సంవత్సరములు లోకము వెదకని చోట వెదకినవాడు, ఆ పక్షి పేరును తాతముత్తాతలనుండి ఎరిగినవాడు.

అటు తరువాత దానిని లెక్కించుట ఎట్లన్న చిక్కు వచ్చినది. ముండ్లపొదల నడుమ, చీకటిలో, అలికిడికే మాయమగు పక్షిని ఎవరు చూడగలరు? 2000 ప్రాంతమున అక్కడ పనిచేసిన పరిశోధకులు చూచుటను విడిచి మరియొక విధముగా అడిగిరి. పొదల సందులలో నేలను చదునుచేసి, మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, సాయంకాలము వెళ్ళిపోవుదురు. రాత్రియంతయు ఆ పట్టీల మీదుగా నక్కలు, కుందేళ్ళు, కౌజులు, ఎన్నో నడచును. తెల్లవారగనే వారు తిరిగి వచ్చి, ఎండ ఏటవాలుగా పడుచున్నప్పుడు, మోకాళ్ళపై వంగి ఆ మట్టిని చదువుదురు. ఏ దినముననైనను, కుందేటి అడుగులకు ప్రక్కగా, వెనుక వ్రేలు లేని మూడు వ్రేళ్ళ గుర్తులు వరుసగా పట్టీని దాటి కలివి పొదలోనికి పోయి కనబడును.